పదహారు ఆదివారాలు, తొమ్మిది ప్యానెళ్లు

(హైదరాబాద్‌లో ఒక రంగుగాజు శిక్షణ తరగతి విద్యార్థులు తమ పనులు చూపించిన రోజున శిక్షకురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం ఇల్లు వదిలి ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషంగా ఉంది.

ఈ గది కిటికీలు పడమర వైపు ఉన్నాయి. మూడు దాటితే ఎండ లోపలికి రావడం మొదలవుతుంది. అందుకే ఈ వేళ పెట్టుకున్నాం. మీరు వస్తూ వస్తూ చూసే ఉంటారు, కిటికీల వెంబడి తొమ్మిది పనులు ఉన్నాయి. నాలుగు పూర్తయ్యాయి. మూడింటికి టంకం నడుస్తోంది. ఒకటి ఇంకా కోతల దగ్గరే ఉంది. ఇంకొకటి మొదటి నుంచీ మళ్లీ చేస్తున్నారు. ఆగస్టులో మొదలుపెట్టాం, ఇవాళ్టికి పదహారు ఆదివారాలు. ఇందాక గుమ్మం దగ్గర ఒక పెద్దాయన అడిగారు, ‘పదహారు వారాలకి నాలుగేనా అమ్మా?’ అని. అడగాల్సిన మాటే. దానికి జవాబుగానే ఇవాళ నాలుగు మాటలు చెబుదామనుకుంటున్నాను.

నాదొక విన్నపం. పూర్తయిన ప్యానెళ్లని చూసినప్పుడు ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. ముందు వైపు ఎవరైనా సరిదిద్దుకుంటారు, మెరిసేలా తుడుచుకుంటారు. వెనక అతుకుల్లో మాత్రం ఆ మనిషి ఏ వారం ఏం నేర్చుకున్నారో అలాగే ఉండిపోతుంది.

ఇదిగో, ఈ తామరపువ్వు తీసుకోండి. అడుగు పొడవు, అడుగు వెడల్పు. చేసిన ఆవిడ గృహిణి, పెళ్లయ్యాక ఇంటి బయట నేర్చుకున్న మొదటి పని ఇదేనన్నారు. వెనక ఎడమ చేతి కింది మూల చూడండి. టంకం ముద్దలు ముద్దలుగా ఉంది, మధ్యలో ఎర్రగా రాగి కనిపిస్తోంది. అది అక్టోబరు మొదటి ఆదివారం. టంకం కరిగించే ఐరన్ వేడెక్కకముందే పెట్టేవారు, భయపడి వెంటనే తీసేసేవారు. వేలు మెల్లగా ఇలా పైకి జరపండి. ఈ రేకు దగ్గరికి వచ్చేసరికి అతుకు సన్నగా, తిన్నగా ఉంది కానీ చదునుగా ఉంది. అది ఆ నెల మూడో వారం. ఇప్పుడు కుడి పై మూలకి రండి. అతుకు గుండ్రంగా పొంగి, తీగ మీద నీళ్లు నిలిచినట్టు ఒకే మందంలో సాగింది. దీన్ని మేము పూస అంటాం. పూస పడిందంటే చేతికి వేడి తెలిసిందన్నమాట. ఆ ఎడమ మూల కరిగించి మళ్లీ వేస్తానన్నారు ఆవిడ. ముందు వైపు వేసుకోండి, వెనక మాత్రం అలాగే ఉంచండని బతిమాలాను. ఉంచారు. అందుకే ఇవాళ మీకు చూపించగలుగుతున్నాను.

ఈ పని గురించి బొత్తిగా తెలియనివారు కూడా ఉన్నారు కాబట్టి రెండు ముక్కల్లో చెబుతాను. ముందు కాగితం మీద బొమ్మ గీసుకుంటాం. ప్రతి భాగానికీ ఒక అంకె వేస్తాం. ఆ భాగాలు కత్తిరించి, రంగుగాజు మీద అంటించి, గాజుని ఆ ఆకారానికి కోస్తాం. అంచులు గ్రైండర్ మీద నున్న చేస్తాం. ఒక్కో ముక్క చుట్టూ జిగురున్న రాగి రేకు పట్టీ చుడతాం. పావు అంగుళం కంటే కాస్త తక్కువ వెడల్పు ఉంటుందది. ముక్కలన్నీ పక్కపక్కన పేర్చి, టంకం బాగా పట్టడానికి ఫ్లక్స్ అనే మందు రాసి, ఆ రాగి మీద టంకం పోస్తాం. మన ఊళ్లలో బంగారప్పని చేసేవాళ్లు వాడే మాటే ఇది, అందుకే సోల్డరింగ్ అనే బదులు నాకు టంకం అనే అలవాటు. మేము వాడేది అరవై పాళ్లు తగరం, నలభై పాళ్లు సీసం. 190 డిగ్రీల దగ్గర పూర్తిగా నీళ్లవుతుంది. రాగి రేకు పద్ధతి 19వ శతాబ్దం చివర అమెరికాలో టిఫనీ అనే ఆయన చేయించిన రంగుగాజు దీపాలతో బాగా వ్యాపించింది. అంతకు ముందు వందల ఏళ్లుగా యూరప్ చర్చిల్లో చేసింది సీసపు పట్టీల పద్ధతి. పట్టీకి రెండు పక్కలా గాడి ఉంటుంది, గాజు అంచు అందులో దూరుతుంది. ఇద్దరు మాత్రం ఆ పద్ధతిలో చేస్తున్నారు, ఆ బల్ల చివర ఉన్నవి వాళ్లవే.

మొదటి మూడు ఆదివారాలు మా వాళ్ల చేత ఒక్క రంగుగాజు ముక్క కూడా ముట్టించలేదు. వీధి చివర అద్దాల షాపు నుంచి తెచ్చుకున్న మామూలు కిటికీ గాజు వ్యర్థాలు, మూడు మిల్లీమీటర్లవి, వాటి మీదే గీతలు. చాలామందికి విసుగొచ్చింది, నాకు తెలుసు. కానీ గాజు కోయడమంటే గాజుని తెగ్గొట్టడం కాదు. కట్టర్ చక్రం పైన ఒక సన్నని గాటు మాత్రమే పెడుతుంది. ఆ గాటు వెంట పగులు నడిచేలా మనం చేతులతో దారి చూపిస్తాం. గాటు ఈ అంచు నుంచి ఆ అంచుకి ఆగకుండా ఒకేసారి పడాలి. రెండోసారి అదే గీత మీద చక్రం నడిపితే పగులు ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

ఇక్కడ ఒక అమ్మాయి ఉంది, డిగ్రీ ఆఖరి సంవత్సరం. చదువులో ఎలా రాస్తుందో గాజు మీదా అలాగే, గట్టిగా అదిమి గీసేది. గీత తెల్లగా, పిండి రాలుతూ వచ్చేది. చూడటానికి బాగా పడ్డట్టే ఉంటుంది, ప్లయర్స్ పెట్టగానే ముక్క అడ్డంగా విరుగుతుంది. మొదటి రోజు పదిహేడు ముక్కలు విరిగాయి. నేను ఎంత చెప్పినా చెయ్యి తేలిక పడలేదు. చివరికి కళ్లు మూసుకుని గియ్యమన్నాను. అంటే చెయ్యి పట్టుకుని నేనే నడిపించాను, భయపడకండి. చెవులతో వినమన్నాను. ఒత్తిడి ఎక్కువైతే గరగరమంటుంది. తక్కువైతే చప్పుడే ఉండదు. సరిగ్గా పడితే కొత్త గుడ్డ నిదానంగా చించినట్టు సన్నటి చిరచిర ఒకటి మొదలై చివరిదాకా తెగకుండా వస్తుంది. మూడో గీతకి ఆ చప్పుడు వచ్చింది. ‘మేడమ్, అదేనా?’ అని కళ్లు మూసుకునే అడిగింది. అదే. ఆ రోజు తర్వాత ఆ పిల్ల చక్రాన్ని కిరసనాయిల్లో ముంచి గాజు మీద పెట్టగానే పక్కవాళ్లు మాట్లాడటం ఆపేసేవారు, వినాలని.

ఆ అమ్మాయి చేసింది ఆ మధ్య కిటికీలోని నెమలి. అరవై రెండు ముక్కలు. దాని గురించి మళ్లీ వస్తాను.

చిలక ఉన్న ప్యానెల్ కథ వేరు. చిలక పచ్చటి పచ్చ, వెనక ముదురు నీలం ఆకాశం. బల్ల మీద పరిచినప్పుడు చాలా అందంగా ఉంది, నేనూ మెచ్చుకున్నాను. టంకం వేసేముందు అలవాటు ప్రకారం అద్దపు పలక మీద పేర్చి కిటికీకి ఆనించాం. చిలక కనబడలేదు. నీలం అంతా పొంగి, పక్కనున్న పచ్చ మీదికి పాకి, చిలకని మింగేసింది. నీలానికి వెలుగులో ఆ గుణం ఉంది. 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో పాత చర్చిలు బాగుచేయించిన వయొలె లె దుక్ అనే ఆయన ఈ సంగతి మీద వివరంగా రాశారు. ఎరుపు ఉన్నచోటే ఉంటుంది, నీలం దూరం నుంచి చూస్తే తన హద్దు దాటి పరుచుకుంటుంది. బల్ల మీద చూసే రంగు వేరు, వెలుగు దాటి వచ్చే రంగు వేరు. ఆకాశం ముక్కలు ఇరవై మూడు. ఈ చిలక చేసినాయన బ్యాంకులో పనిచేస్తారు, ఆదివారం ఒక్కటే దొరుకుతుంది. ఒక్క మాట అనకుండా ఆ ఇరవై మూడూ తీసేసి, లేత తేనెరంగు గాజు కొనుక్కొచ్చి మళ్లీ కోశారు. తీసేసిన నీలం ముక్కలు ఆ డబ్బాలో ఉన్నాయి, పోనీలే అని పారేయలేదు. మొదటి నుంచీ మళ్లీ చేస్తున్నారని ఇందాక చెప్పింది ఈయన గురించే. ఈయన పని వెనకబడిందని నేను అనుకోవడం లేదు.

మా తరగతిలో తలుపుల పని చేసే వడ్రంగి అన్న ఒకరున్నారు. వాళ్లింటి దేవుడి గది తలుపుకి దీపం బొమ్మ పెట్టాలని వచ్చారు. మొదటి రోజే బల్ల మీద రెండు చెక్క పట్టీలు మూలమట్టం పెట్టి, ఎల్ ఆకారంలో మేకులు కొట్టుకున్నారు. ‘మేడమ్, రెండు దిక్కుల పట్టీ కొడితే ముక్క ఎటు పోతది?’ అన్నారు. సీసపు పట్టీల పనికి యూరప్‌లో ఎప్పటి నుంచో చేసేదిదే. ఆయనకి ఎవరూ చెప్పలేదు, చెక్క పని చెప్పింది. అందరం మరుసటి వారం అలాగే కొట్టుకున్నాం. ఆయన ప్యానెల్ తలుపు గాడిలో సరిగ్గా కూర్చుంది. కోతలు ఇంకా వంకరగానే వస్తాయి, ఆయనే ఒప్పుకుంటారు. కొలత మాత్రం వెంట్రుక వాసి తేడా రాదు.

కొలత అన్నాను కాబట్టి మా మాస్టారి సంగతి చెప్పాలి. ముప్పై ఏళ్లకు పైగా హైస్కూల్లో సైన్స్ చెప్పి రిటైరయ్యారు. ఆయన వేసుకున్న బొమ్మ ముప్పై సెంటీమీటర్లు. అన్నీ పేర్చాక చూస్తే ఆరు మిల్లీమీటర్లు పెరిగింది. ఎక్కడ పెరిగిందో తెలియక రెండు రోజులు నిద్రపోలేదట. పెన్సిలు గీతకి బయటి అంచున కోశారు, దానికి తోడు ప్రతి ముక్క చుట్టూ రాగి రేకు చేరింది. ఒక్కో ముక్కకి అర మిల్లీమీటరు అనుకున్నా, అడ్డంగా పదకొండు ముక్కలుంటే అయిదున్నర. అందుకే కాగితం కత్తిరించేటప్పుడే గీత మందం తీసెయ్యాలి. ఆ లెక్క ఆయనే బోర్డు మీద వేసి అందరికీ చెప్పారు. నేను చెప్పిన దానికంటే బాగా చెప్పారు.

ఇంకో రోజు ఆయనే లేచి నిలబడ్డారు. గాజు చాలా నిదానంగా పారే ద్రవమని, అందుకే పాత చర్చిల కిటికీ గాజులు కింద మందంగా ఉంటాయని ఇన్నేళ్లూ పిల్లలకి చెప్పానని, అది నిజం కాదని ఇక్కడికి వచ్చాక చదివి తెలుసుకున్నానని అన్నారు. మామూలు వేడిలో గాజు కొన్ని వందల ఏళ్లలో కంటికి కనిపించేంత పారదు. ఆ రోజుల్లో గాజుని ఊది, తిప్పి పలకలు చేసేవారు కాబట్టి ఒక పక్క మందం, ఒక పక్క పలచన వచ్చేది. అంతే. రిటైరైన మనిషి తను చెప్పిన పాఠం తనే దిద్దుకోవడం చూసి నాకు కళ్లు చెమర్చాయి. గాజుకి కోబాల్ట్ వల్ల నీలం వస్తుందని, ఇనుము వల్ల సీసా పచ్చ వస్తుందని, అతి కొద్దిగా బంగారం కలిపితే ఎరుపు వస్తుందని ఆయన చెప్పిన రోజు నుంచి మా వాళ్లు రంగుగాజు ముక్కని పారెయ్యడానికి కూడా ఆలోచిస్తున్నారు.

అక్టోబరులో అందరినీ మెదక్ తీసుకెళ్లాను. హైదరాబాద్ నుంచి వంద కిలోమీటర్ల లోపే. మెదక్ చర్చి మీలో చాలామంది చూసే ఉంటారు. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మిషనరీ పూనికతో 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న తెరుచుకుంది. కరవు రోజుల్లో పని చేసినవాళ్లకి తిండి పెట్టి కట్టించారని చెబుతారు. లోపల మూడు పెద్ద రంగుగాజు కిటికీలున్నాయి. ఇంగ్లండ్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ చేసినవి. క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం.

బయటి నుంచి చూస్తే నల్లటి గీతలు, మసక గాజు, అంతే. మా వాళ్లు కొందరు నిరాశపడ్డారు కూడా. లోపలికి అడుగుపెట్టాక ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి ఒక్కొక్కరూ దగ్గరికెళ్లి వెతకడం మొదలుపెట్టారు, ఏ ముక్క ఎక్కడ తెగిందని. భక్తితో వచ్చినవాళ్లు ముఖాలు చూస్తారు. మా వాళ్లు ముఖం చుట్టూ ఉన్న నల్ల గీత చూశారు. ఆ గీత భుజం మీదుగా, బట్ట మడత వెంబడి, చేతి అంచున ఎలా తిరిగి వెళ్లిందో వేలితో గాల్లో గీసుకున్నారు. కళ్లు, ముక్కు, బట్ట ముడతలు కోసినవి కావు. గాజు మీద రంగు రాసి కొలిమిలో కాల్చినవి. గాజు కోతకి లొంగని చోట రంగు పూత పనిచేస్తుంది. మనకి కొలిమి లేదు, కాబట్టి మన బొమ్మలో ప్రతి గీతా కోతే కావాలి. లోపలికి వంగిన పదునైన మూల గాజులో రాదు, విరుగుతుంది. అక్కడ బొమ్మే మారాలి. ఈ మాట తరగతిలో నేను ఇరవై సార్లు చెప్పి ఉంటాను. అక్కడ పావుగంట నిలబడ్డాక ఎవరికీ మళ్లీ చెప్పాల్సిన పని రాలేదు. తిరిగొచ్చాక ముగ్గురు తమ డ్రాయింగులు చింపి కొత్తగా వేసుకున్నారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ మూడు కిటికీలు ఒకేసారి రాలేదు. మొదటిది 1927లో, రెండోది 1947లో, మూడోది 1958లో. చర్చి తెరిచిన ముప్పై నాలుగేళ్లకి మూడో కిటికీ. బస్సులో వస్తూ ఈ లెక్క చెబితే, సగంలో ఉన్నవాళ్లందరి ముఖాలూ తేలిక పడ్డాయి.

ఇప్పుడు నెమలి దగ్గరికి వస్తాను. నవంబరు చివరి ఆదివారం. అరవై రెండు ముక్కలూ పేర్చి, ముందు వైపు టంకం దాదాపు అయిపోయింది. మెడ దగ్గర ఒక చిన్న ముక్క, చిటికెన వేలి గోరంత వెడల్పు. మూడు అతుకులు కలిసే చోటు. పూస సరిగ్గా పడలేదని ఆ అమ్మాయి ఐరన్ అక్కడే ఉంచి, ఇంకాస్త, ఇంకాస్త అని వెనకాముందూ తిప్పింది. టిక్ మని చప్పుడు. అంత చిన్న చప్పుడు. ఒకే చోట వేడి నిలిస్తే గాజు తట్టుకోలేదు. మెడ మధ్యలో వెంట్రుకంత పగులు. ఐరన్ స్టాండులో పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది. ఏడవలేదు. నేను పక్కన కూర్చున్నాను. కాసేపటికి, ‘మేడమ్, నల్ల పాటినా పూస్తే ఆ పగులు కూడా గీతలాగే ఉంటుంది కదా?’ అని అడిగింది. పాటినా అంటే టంకాన్ని నల్లబరిచే మందు. కాదని నేను అనలేదు. పూసి చూడు, కిటికీకి పెట్టి చూడు అన్నాను. పూయకుండానే కిటికీకి ఆనించి చూసింది. పగులు వెంట వెలుగు తెల్లగా మెరిసింది. తిరిగి బల్ల మీద పెట్టి, ‘తీసేద్దాం’ అంది.

తీయడం చాలా ఓపిక పట్టే పని. పగిలిన ముక్క మీద కట్టర్‌తో అడ్డదిడ్డంగా గళ్లు గియ్యాలి. వెనక నుంచి మెల్లగా తట్టాలి. చిల్లులు పడ్డాక పెంకులు ఒక్కొక్కటీ ప్లయర్స్‌తో ఊడబెరకాలి. అతుకు మళ్లీ వేడిచేసి, కరిగిన క్షణంలో పాత రాగి రేకుని పట్టకారుతో లాగాలి, పక్క ముక్కలకి వేడి తగలకుండా. ఖాళీ కింద కాగితం పెట్టి, ఆకారం గీసి, కొత్త ముక్క కోసి, రేకు చుట్టి, మళ్లీ టంకం. ఆ పని రెండు ఆదివారాలు పట్టింది. కొత్త ముక్క కోతకి నాలుగు సార్లు విరిగింది, అయిదోది కుదిరింది. ఆ ముక్క నీలం మిగతా మెడ కంటే ఒక్క ఛాయ తేలికగా ఉంది, ఎందుకంటే అదే పలక దొరకలేదు. దగ్గరికెళ్లి చూడండి, కనిపిస్తుంది.

నా పని గురించీ ఒకటి చెప్పాలి, ఎందుకంటే మా వాళ్ల డ్రాయింగుల మీద నేను అంత పట్టుగా ఉండటానికి కారణం అదే. చాలా ఏళ్ల కిందట విజయవాడలో మా చెల్లెలి ఇంటి మెట్ల కిటికీకి ఒక పెద్ద ప్యానెల్ చేశాను. పొలాలు, వరసలు వరసలుగా. బొమ్మలో ఒక గీత ఈ అంచు నుంచి ఆ అంచుకి తిన్నగా అడ్డంగా వెళ్లింది. అలాంటి గీత దగ్గర ప్యానెల్‌కి బందు పెట్టినట్టే, అది అక్కడ మడత పడుతుంది. లోపల గట్టి తీగ పెట్టి ఉండాల్సింది, లేదా గీతనే విరిచి వెయ్యాల్సింది. రెండు వేసవులు గడిచేసరికి మధ్యలో ముందుకి వంగింది. దింపేసి, చదును చేసి, వెనక కడ్డీ వేయాల్సి వచ్చింది. మా చెల్లి ఒక్క మాట అనలేదు, కానీ ఆ కిటికీకి ఆర్నెల్లు అట్ట ముక్క ఉంది. ఇప్పుడు ఎవరు డ్రాయింగ్ తెచ్చినా ముందు ఆ అడ్డగీత కోసం వెతుకుతాను. మా వాళ్లు కూడా ఒకరి డ్రాయింగులో ఒకరు వెతుకుతున్నారు. నిన్న మాస్టారు నా డ్రాయింగులోనే ఒకటి పట్టుకున్నారు. అది చూసి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఒక తల్లి చెయ్యి ఎత్తారు. చెప్పండమ్మా. ఆ, సీసం గురించి. మంచి ప్రశ్న. సీసం ఒంట్లో చేరితే ప్రమాదమే, పిల్లలకి మరీ. టంకం వేసే బల్ల దగ్గర తినడం, తాగడం పూర్తిగా నిషేధం. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కుని, ఇంటికెళ్లి ఆ బట్టలు విడిగా ఉతకాలి. పొగ బయటికి పోవడానికి ఆ ఫ్యాన్ పెట్టాం. గ్రైండర్ దగ్గర కళ్లద్దాలు తప్పనిసరి, నీళ్లు లేకుండా గాజు అరగదీయనివ్వను. పాటినా సీసా తాళం వేసిన బీరువాలో ఉంటుంది. పన్నెండేళ్ల లోపు పిల్లల్ని నేను ఈ తరగతిలో చేర్చుకోను, ఎంత అడిగినా సరే.

ఇంకొకాయన అడుగుతున్నారు, ఎన్నాళ్లకి వస్తుందీ పని అని. కోత రెండు నెలలకి వస్తుందండీ. టంకం మూడు నాలుగు నెలలకి. రంగు ఎంచుకోవడం నాకు ఇప్పటికీ కిటికీ దగ్గర పెట్టి చూస్తేగానీ తెలియదు.

ఇంక నేను ఎక్కువ మాట్లాడను. నాలుగున్నరకి ఆ పక్క అపార్ట్‌మెంట్ నీడ ఈ కిటికీల మీద పడుతుంది. ముందు ఎడమ పక్క నుంచి మొదలుపెట్టండి, అక్కడ ఎండ తొందరగా పోతుంది. నెమలి ఆఖర్న చూడండి, ఆ కిటికీకి ఎండ చివరిదాకా ఉంటుంది. ప్యానెల్ ఎత్తాలంటే అడ్డంగా పట్టుకోకండి, నిలువుగా, రెండు చేతులతో అంచులు పట్టుకోండి. పని చేసినవాళ్లు పక్కనే ఉన్నారు, వెనక వైపు చూపించమని అడగండి. టీ తర్వాత ఇస్తాం.